తాళాలాయన నిద్ర

మా వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను 'ఇంకోసారి'. బాగుచేసిన తాళాన్ని మనం అందుకోబోతుంటే, "ఉండండి, ఇంకోసారి చూస్తాను" అని వెనక్కి లాక్కునేవాడు. తిప్పేవాడు, లాగేవాడు, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. సరే ఇచ్చాడు కదా అని మనం నాలుగడుగులు వేస్తే వెనకాలే పరుగెత్తుకొచ్చేవాడు. "ఏమీ అనుకోకండి, ఇంకోసారి."

నాది పక్క షాపు. కుట్టుపని. కొత్త బట్టలు కుట్టను. పొడుగైన ప్యాంట్లు కురచ చేస్తాను, పాడైన జిప్పులు మారుస్తాను. మా రెండు షాపులకూ మధ్య ఒకటే చెక్క గోడ. అటువైపు అతను తాళంచెవులు కోసే మిషన్ మొదలుపెడితే ఇటువైపు నా బల్ల మీద గుండుసూదులు ఎగిరేవి. నన్ను అక్కా అనేవాడు. నా మనసు బాగుంటే నేను నాయనా అనేదాన్ని, బాగా లేకపోతే ఏమయ్యా అనేదాన్ని. ఏమయ్యా అన్న రోజులే ఎక్కువ. నా నోటి సంగతి వీధి అందరికీ తెలుసు.

అతని అలవాటును అందరూ పనితనం అనుకున్నారు. ఈ రోజుల్లో అంత శ్రద్ధ ఎవరికుంది అని మెచ్చుకుని మరీ పని ఇచ్చేవాళ్ళు. సాయంత్రం తన షాపు మూసి, వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి తాళం లాగి చూసి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చేవాడు. అది చూసి మేం నవ్వుకునేవాళ్ళం. "ఏమయ్యా, తాళం నీమీద బెంగపెట్టుకుందా?" అని నేనే అనేదాన్ని. అతనూ నవ్వేవాడు. మళ్ళీ లాగి చూసేవాడు.

అది శ్రద్ధ కాదని చాలా ఏళ్ళ తర్వాత తనే చెప్పాడు. "భయం అక్కా. తాళం సరిగ్గా పడకపోతే దొంగలు పడతారు. తాళం పడి మళ్ళీ తెరుచుకోకపోతే లోపలున్నవాళ్ళు ఏమైపోతారు? నిప్పంటుకుంటే? పిల్లలుంటే? ఇదంతా పిచ్చి ఆలోచనని నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం ఆగుతుందా?" పడుకున్నా అదే. ఆ వారంలో బిగించిన తాళాలన్నీ ఒక్కొక్కటిగా తలలో తిరిగేవట. ఒకటి వదిలితే ఇంకొకటి పట్టుకునేది.

తాగుడు ఎలా మొదలైందో కూడా చెప్పాడు. కొత్తగా కట్టిన పెద్ద భవనంలో తలుపులన్నిటికీ తాళాలు బిగించడం పూర్తయిన రోజు మేస్త్రీ అందరికీ తలో గ్లాసు పోశాడు. మొహమాటానికి తాగాడు. అన్ని తలుపులున్న ఆ భవనం నుంచి ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. "తలలో వాగేవాడెవడో నోరు మూసుకున్నట్టయింది" అన్నాడు. అతని భార్య, నాకు మరదలి వరస, ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ సగం నవ్వు, సగం ఏడుపు. "పెళ్ళయ్యాక ఆయన గురక విన్నది ఆ రోజే అక్కా. పోనీలే, ఒక్కపూటన్నా నిద్రపోయాడు అనుకున్నాను."

ఆ నిద్ర కోసమే మర్నాడు తాగాడు, ఆ మర్నాడూ తాగాడు. మొదట సాయంత్రాలు, తర్వాత మధ్యాహ్నం, ఆ తర్వాత పొద్దున్నే. పొద్దున ఒక గుక్క పడితే గానీ చేతులు కుదురుకునేవి కావు. చేయి కాస్త వణికినా తాళంచెవి పన్ను తప్పుతుంది. తప్పు పన్నుల తాళంచెవులు పట్టుకుని జనం తిరిగొచ్చేవాళ్ళు. గొప్ప పనివాడన్న పేరు గంగలో కలిసింది. వెనకాలే పరుగెత్తుకొచ్చి ఇంకోసారి అనే మనిషి ఇప్పుడు పిలిచినా బయటికి వచ్చేవాడు కాదు. ఎందుకు తాగుతున్నావు అని అడగనివాళ్ళు లేరు. చెడు స్నేహాలు అన్నారు, పొగరు అన్నారు, పెళ్ళాం గయ్యాళి అన్నారు. పెళ్ళాం గయ్యాళి కాదు, ఆ వీధిలో గయ్యాళిని నేను.

చివరికి మరదలి అన్నయ్య వచ్చాడు. చెడ్డవాడు కాదు, చెల్లెలంటే ప్రాణం. ఒక బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు, ఏదైనా గట్టిగా వేడి చూపిస్తే దారికొస్తుందని అతని నమ్మకం. "వారం రోజులు గదిలో పెట్టి తాళం వేద్దాం బావా. చుక్క దొరక్కపోతే అదే మానుతుంది" అన్నాడు. విచిత్రమేమిటంటే 'ఇంకోసారి' సరేనన్నాడు. తనే వెనక గది ఖాళీ చేశాడు. ఆ గది తలుపుకు, అటూ ఇటూ రెండువైపులా తాళంచెవి పెట్టే రకం తాళం ఉంది. అది అతను బిగించిందే. తీగ ముక్క దొరికితే కళ్ళు మూసుకుని తీయగలడు. తాళాలవాడికి తాళం వేస్తున్నారట అని వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. తీగలు, మేకులు, చెంచాలతో సహా అన్నీ గదిలోంచి తీసేసి, మరదలు బయట నుంచి తాళం వేసి తాళంచెవి తన దగ్గర పెట్టుకుంది.

మొదటిరోజు చెమటలు, వాంతులు. పెట్టిందేదీ ఒంట్లో నిలవలేదు. "విషం బయటికి పోతోంది, మంచిదే" అన్నాడు బావమరిది. రెండోరోజు మధ్యాహ్నం ఎలా ఉన్నాడో చూద్దామని నేను వెళ్ళేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నారు. లోపల నుంచి తాళం దగ్గర గీరుతున్న చప్పుడు.

"పొద్దుట్నుంచీ ఇదే వరస. తాళం తీసి పారిపోదామని చూస్తున్నాడు. కాళ్ళా వేళ్ళా పడ్డా తీయొద్దు" అన్నాడు బావమరిది.

"పొద్దుట్నుంచీ?" అన్నాను.

"పొద్దుట్నుంచే అక్కా" అంది మరదలు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "మీ బుద్ధి గడ్డి తిందా? అది ఆయన బిగించిన తాళం. తీయాలనుకుంటే ఏ మూలనున్న మేకో పీకి ఎప్పుడో తీసేసేవాడు కాడా, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా పడుతుందా? లోపల ఏదో అయింది. తియ్యి ముందు!"

మరదలికి తాళంచెవి ఒక పట్టాన దూరలేదు. తలుపు తెరిచాక చూసింది నా జన్మలో మరిచిపోను. అతను తలుపుకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. గోళ్ళతోనే గీరుతున్నాడు, వేళ్ళ చివర్లు ఎర్రగా పుళ్ళు పడ్డాయి. ఒళ్ళంతా ఊగిపోతోంది. నన్ను చూసి కూడా పోల్చుకోలేదు. "పడిందా? గట్టిగా పడిందా? చూడండి, ఇంకోసారి చూడండి. నేను బయటికి వచ్చేస్తానేమో" అన్నాడు. గోడ నిండా పురుగులు పాకుతున్నాయని, గోడలో పిల్లలున్నారని ఏదేదో చెప్పాడు. పారిపోవడానికి కాదు, తాళం పడిందో లేదో చూసుకోవడానికి పొద్దుట్నుంచీ గీరాడు ఆ పిచ్చి మహారాజు. లోపల ఉండాలనే అతని తాపత్రయం. అంతలోనే కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయాడు. మా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నదే, మాట మాత్రం నిదానం. ఎవరినీ కసరలేదు. "ఇన్నేళ్ళు తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు తట్టుకోదు. ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మాన్పించాలనుకోవడం తప్పు కాదు. కానీ అది తాళం వేసి చేసే పని కాదు. మాత్రలిచ్చి, పక్కన ఉండి చూసుకుంటూ చేయాలి" అని చెప్పింది. బావమరిది వరండాలో గోడకు నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు అతన్ని నాలుగు దులపాలనే ఉంది. ఏడుస్తుంటే నోరు రాలేదు.

బతికాడు. తాగుడు మానేసి ఇంటికొచ్చాడు. గండం గడిచిందనుకున్నాం అందరం. చేతుల వణుకు తగ్గింది, తాళంచెవి పన్నులు మళ్ళీ కుదిరాయి. మరదలి మొహం తేటపడింది.

అయితే ఆ తేట ఎక్కువ రోజులు నిలవలేదు. పాత 'ఇంకోసారి' పదింతలై తిరిగొచ్చాడు. షాపు మూసి తాళం వేసి, వీధి చివరిదాకా కూడా వెళ్ళలేకపోయేవాడు. కాలుగాలిన పిల్లిలా తన షాపుకూ నా షాపుకూ మధ్య తిరిగేవాడు. "వేశానా అక్కా?" "వేశావు నాయనా." "నువ్వు చూశావా?" "నా రెండు కళ్ళతో చూశాను." "ఇంకోసారి చూడక్కా." నా తల ప్రాణం తోకకొచ్చేది. మాట్లాడటం తగ్గింది, తిండి తగ్గింది, నిద్ర లేనే లేదు. గొడవలు పడి కాదు, నిద్ర కోసమే ఒకరోజు మళ్ళీ తాగేశాడు. మర్నాడు మరదలు నా షాపులోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది. "ఈ మాట అనకూడదక్కా. తాగినప్పుడే నయం అనిపిస్తోంది."

ఆ మాట డాక్టరమ్మకు చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. భార్యాభర్తలతో పాటు నేనూ వెళ్ళాను, వాళ్ళిద్దరికీ నోరు లేదు కనుక. డాక్టరమ్మ అతన్ని చాలాసేపు మాట్లాడనిచ్చింది. తాళాల గురించి, నిప్పు గురించి, పిల్లల గురించి, అన్నీ. తర్వాత చెప్పింది, ఇది తాగుడు తెచ్చిన జబ్బు కాదట. తాగుడుకంటే ముందునుంచీ ఉన్న జబ్బట. తాగుడు దానిమీద మూత. మూత తీశాం గనుక లోపలిది కనిపిస్తోంది. రెండిటికీ కలిపి వైద్యం చేయకపోతే ఒకదాన్ని ఒకటి పిలుస్తూనే ఉంటుందట. అతను తల దించుకుని, "అయితే నేను చేతకానివాణ్ణి కాదా?" అని అడిగాడు. ఇన్నేళ్ళూ లోపల ఆ ప్రశ్న మోశాడని నాకప్పుడు తెలిసింది. తాళం బెంగపెట్టుకుందా అంటూ నేనాడిన వేళాకోళమంతా గుర్తొచ్చింది.

మాత్రలిచ్చింది. దాంతోపాటు ఒక సాధన. తాళం ఒక్కసారే వేయాలి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోవాలి. భయం వస్తుంది, రానివ్వాలి, దానంతట అదే దిగేదాకా ఓర్చుకోవాలి. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు ఇక జవాబు చెప్పొద్దమ్మా. వేశావనీ అనొద్దు, వేయలేదనీ అనొద్దు. ఎవరూ ఆయన బదులు చూడొద్దు, సరిచేయొద్దు. మీ జవాబు కూడా ఆయనకు ఒక గుక్కలాంటిదే. కాసేపు హాయి, మళ్ళీ ఇంకో గుక్క కావాలి."

నోరు మూసుకోవడం! నన్నే! అతని సాధన సంగతేమో గానీ నాకు చుక్కలు కనిపించాయి. "వేశానా అక్కా?" అని ఏడుపు మొహంతో నిలబడేవాడు. నేను పళ్ళ మధ్య దారం పట్టుకుని తల వంచి కుట్టుకునేదాన్ని. ఒక్కోరోజు దారంతో పాటు నాలుక కూడా కరుచుకునేదాన్ని. అతను నడిచి వెళ్ళేవాడు, వీధి మలుపు నుంచి తిరిగొచ్చేవాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ తాగాడు. ఈసారి ఎవరూ మోసుకెళ్ళక్కర్లేకుండా తనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. మెల్లగా తిరిగిరావడం తగ్గింది. అడగడం మాత్రం తగ్గలేదు.

ఒక సాయంత్రం షాపు మూసే వేళకు ఒక పెద్దాయన వచ్చి పాత పెట్టె తాళం గురించి కబుర్లలో పెట్టాడు. మాట్లాడుతూనే షట్టర్ దింపి, మాట్లాడుతూనే తాళం తగిలించి, ఆయనతో కలిసి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు 'ఇంకోసారి'. అడగలేదు. మలుపు దగ్గర కూడా వెనక్కి చూడలేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ సంతోషంలోనే నా షట్టర్ దింపుతూ పక్కకు చూశాను. తాళం కొండీకి వేలాడుతోంది గానీ నొక్కలేదు. నోరు తెరిచే ఉంది.

లోపల అతని మిషన్ ఉంది, కొక్కేలకు జనం నమ్మి ఇచ్చిపోయిన తాళంచెవులున్నాయి. ఏది పోయినా మనిషి ఇక లేవడు, నేరుగా సీసా దగ్గరికే పోతాడు. చేయి చాపాను. చిన్న నొక్కు చాలు. అతనికి ఎప్పటికీ తెలియదు. కానీ అప్పుడది అతను వేసిన తాళం కాదు, నేను వేసింది. వెనక్కి తిరగకుండా వెళ్ళడమొక్కటే అతను సొంతంగా సంపాదించుకున్నది, దాన్నీ నేను అబద్ధం చేసినట్టే. తప్పో ఒప్పో నాకు తెలియదు, చేయి వెనక్కి తీసుకున్నాను. నన్ను నేను తిట్టుకుంటూ ఇంటికెళ్ళాను.

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి నా షాపులో కూర్చున్నాను. అతను వచ్చాడు. తాళం చూశాడు. మొహం పాలిపోయింది. షట్టర్ ఎత్తి లోపలికి వెళ్ళాడు. మిషన్ ముట్టుకున్న చప్పుడు, కొక్కేల మీద తాళంచెవులు ఒక్కొక్కటీ కదిలిన చప్పుడు చెక్క గోడ ఇవతల వింటూ కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించలేకపోయాను. చాలాసేపటికి ఆ తెరిచిన తాళం చేత్తో పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్న వేయలేదక్కా నేను."

డాక్టరమ్మ మాట గుర్తుంది. నోరు విప్పలేదు.

"వేయలేదు. ఇలాగే వదిలేసి పోయాను. లోపల అన్నీ ఉన్నాయి." తాళం వైపు చూసుకున్నాడు. "వేయకుండా పోయి, తాగకుండా, రాత్రంతా నిద్రపోయానక్కా."

కాసేపటికి అటువైపు మిషన్ మొదలైంది, నా బల్ల మీద గుండుసూదులు ఎగిరాయి. ఆ రాత్రి నేను మాత్రం రెప్ప వేయలేదని అతనికి ఇంతవరకూ చెప్పలేదు.