మా అత్త హార్డ్ డిస్కు

మా మేనత్త పోయిందని ఆత్మకూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ బస్టాండు దగ్గర డీటీపీ షాపు నడిపేది. నేను వెళ్ళేసరికి చర్చి సంఘపెద్దలు శవం పక్కన నిలబడి "ఎంత సేవ చేసినాదో" అంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. కూలికి పోయే ఆడవాళ్ళ పాటలు పుస్తకంగా వేస్తానని ఆమె అంటే, "అవి కూడా పాటలేనా" అని మూతి విరిచింది వీళ్ళే.

ఉదయగిరి, దుత్తలూరు వైపు నుంచి ముసలివాళ్ళు వచ్చి షాపులో కూర్చుని పాడేవాళ్ళు. మా అత్త నేరుగా కంప్యూటర్లో కొట్టేది. కాగితం పాడుచేయడమంటే ఆమెకు అసహ్యం. "రాసి మళ్ళా కొట్టేదేంది, దండగ," అనేది.

పాత కంప్యూటర్లో చోటు నిండిపోతే నెల్లూరులో పెద్ద హార్డ్ డిస్కు కొన్నది. బిగిస్తే మిషనుకు అందులో సగమే కనబడింది. అమ్మినవాడు "కంప్యూటరే మార్చుకోండి మేడం" అన్నాడు. మనిషన్నవాడు చెప్పే మాటేనా అది? చివరికి డిస్కుతో వచ్చిన ఫ్లాపీలోని ప్రోగ్రాం ఎక్కిస్తే మొత్తం కనబడింది. ఒకటే చిక్కు. మిషన్ను వేరే ఫ్లాపీతో స్టార్టు చేస్తే డిస్కు ఖాళీ అన్నట్టు చూపిస్తుంది. ఆ సంగతి చీటీ రాసి మానిటరుకు అంటించింది.

ప్రింటరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు ఆ చీటీ చూడనైనా చూడలేదు. ఆ రోజు నేనూ షాపులోనే ఉన్నాను. అత్తా నేనూ టీ చెప్పి వచ్చేసరికి తన ఫ్లాపీ పెట్టి మిషను స్టార్టు చేసేశాడు.

"డిస్కు ఖాళీగా ఉండాది మేడం. ఫార్మాట్ చేసి పెట్టినాను," అన్నాడు, ఉపకారం చేసినట్టు.

"ఛీ," అన్నది మా అత్త. "నీకు కనపడకపోతే లేనట్టేనా రా?"

పాటలన్నీ పోయాయి. మళ్ళీ అందరినీ పిలిపించి పాడించుకుంది. ఉదయగిరి నుంచి వచ్చి పాడిన ఒక అవ్వ మాత్రం ఈలోగా చనిపోయింది. ఇద్దరం బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాం.

"పల్లవి ఒకటే గుర్తుండాదమ్మా. తక్కింది మాయమ్మతోనే పోయినాది," అన్నది అవ్వ కూతురు.

తిరుగు బస్సులో మా అత్త ఏడ్చింది. "కాగితం మిగిలించినాను చూడు, గొప్పదాన్ని," అని తనను తానే తిట్టుకుంది. పుస్తకంలో ఆ పల్లవి అచ్చువేసి, మిగతా పేజీ ఖాళీగా వదిలింది.

సమాధి దగ్గర ఉదయగిరి ఆడవాళ్ళు ఆ పాటే ఎత్తుకున్నారు.

"గడ్డి కోసిన చేతులయ్యా, చూసి పోవయ్యా..."

సంఘపెద్ద ఒకాయన మా అత్త వేసిన పుస్తకం తిరగేసి, "అది పూర్తిగా లేదమ్మా, వేరేది అందుకోండి," అన్నాడు. వాళ్ళు ఆయన వైపు చూడలేదు. గుంట పూడేదాకా ఆ ఒక్క పల్లవే పాడుతూ ఉన్నారు.