నలభై ఆరో సాంచా ఫోటో

2020 జూన్‌లో నేను సూరత్‌కు ఉత్తరాన కిమ్‌లో ఒక మరమగ్గాల మిల్లులో టైమ్ ఆఫీసు ఇన్‌ఛార్జిని. హోదా చెప్పుకోవాలంటే మేనేజరు కింద, షెడ్డులోని మాస్టర్లకు పైన. హాజరు పట్టీ, గేటు పాసులు, కొత్తగా చేరినవాళ్లకు ఫోటో తీసి కార్డు ఇవ్వడం నా పని. పనివాళ్లలో సగం మంది మన కరీంనగర్, జగిత్యాల వైపువాళ్లే. లాక్‌డౌన్‌కు ఊళ్లకు వెళ్లినవాళ్లు ఒక్కొక్కరుగా తిరిగి వస్తున్నారు.

అప్పట్లో బేరగాళ్లు సూరత్ రాలేకపోయారు. అక్కడి సలాబత్‌పురా బజారులో మా మిల్లు యజమాని సేఠ్ దుకాణంవాళ్లు చీరల ఫోటోలు ఫోన్లలో పంపి సరుకు అమ్మేవారు. ఆ ఫోటోలన్నీ చేరేది మా ఆఫీసు కంప్యూటర్లోకే. వారం తిరక్కుండా అది నిండిపోయింది. పాతవి బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించి జాగా చెయ్యమని మేనేజరు ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోయాడు.

పాతవంటే పనివాళ్ల ఫోటోలే. పదేళ్లవి, ఏడాదికొక ఫోల్డరు. మావాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. మిల్లులో మనిషిని పేరు పెట్టి పిలిచే తీరిక ఎవరికీ లేదు. ‘నలభై ఆరు ఎక్కడ పోయాడు’ అనే అడుగుతారు. మనిషి మారినా నంబరు మారదు. నేనూ అదే అలవాటుతో, చేరిన రోజు ఎవరికి ఏ సాంచా ఇస్తే ఆ నంబరునే ఫోటోకు పేరుగా పెట్టేవాణ్ణి. ఏ ఏడాది ఏ నంబరు ఎవరిదో రిజిస్టరులో ఉండేది.

ఇలాంటి పనికి ఒక క్రమం ఉంది. ముందు నకలు తియ్యాలి, లెక్క సరిచూడాలి, కొన్ని తెరిచి చూడాలి, ఆ తర్వాతే అసలు చెరపాలి. నాకు శుభ్రం పిచ్చి. పది ఫోల్డర్లెందుకని అన్నీ డిస్కులో ఒక్కదానిలోకి పంపాను. ఇదే పేరుతో ఇంకో ఫోటో ఉంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టనా అని కంప్యూటరు అడిగింది. ఉన్నదే మళ్లీ వస్తోందనుకుని, అన్నిటికీ అవునని నొక్కాను. వెయ్యికి పైగా ఉన్న ఫోటోలు రెండు వందల చిల్లరకు దిగాయి. అనవసరపు నకళ్లు పోయాయని సంబరపడ్డాను కూడా. అసలువన్నీ చెరిపేసి మేనేజరుకు జాగా చూపించాను. కొరివితో తల గోక్కున్నానని తెలియడానికి పది నెలలు పట్టింది.

2021 ఏప్రిల్‌లో భూమయ్య కరోనాతో పోయాడు. జగిత్యాల దగ్గరి పల్లె మనిషి, ఏడేళ్లుగా మా మిల్లులో ఉన్నాడు. చేరిన రోజు ఫోటోకు పైగుండీ పెట్టుకోమంటే, “చేతులకు నూనె ఉన్నది సారూ, జర మీరే పెట్టుండ్రి” అన్నాడు. పెట్టాను. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. మూటగట్టిన శవాన్ని అక్కడివాళ్లే దహనం చేశారు. ముఖం మాలో ఎవరికీ చూపలేదు. మెడలోని కార్డు, ఫోను, బట్టలు కూడా తిరిగి రాలేదు. ఆయన భార్య లచ్చవ్వ ఊళ్లో జ్వరంతో పడి ఉంది. మరిది ఫోను నుంచి నాకు చేసింది.

“సారూ, ఇంట్ల ఆయనది సక్కని ఫోటో ఒక్కటి లేదు. ఆధార్ జిరాక్స్‌ల మొఖం మసి లెక్కున్నది. పదకొండో దినానికి పటం కట్టిస్తం, మీ దగ్గరున్నది జర పంపుండ్రి.”

ఆ వారం అలాంటి ఫోన్లు మరో రెండు వచ్చాయి. రిజిస్టరు చూశాను. భూమయ్య, నలభై ఆరు. డిస్కులోని నలభై ఆరును తెరవకుండానే పంపేశాను.

పావుగంటకు మళ్లీ ఫోను. ఈసారి ఆమె గొంతు వేరుగా ఉంది.

“సారూ, గీయన మా ఆయన గాదు! అంటే సచ్చిపోయింది గీయననా? మా ఆయన దవాఖాన్లనే ఉన్నడా? మొఖం ఎవ్వలు సూడలేదంటిరి గద సారూ!”

అప్పుడు తెరిచాను. భూమయ్యను వేరే సాంచాకు మార్చాక ఆ చోట చేరిన మనిషి ఫోటో అది. ఆ మనిషి ఆ క్షణాన షెడ్డులో పని చేస్తున్నాడు. ప్రతి నంబరుకూ చివర చేరినవాడు మాత్రమే మిగిలాడని, ముందువాళ్లందరినీ నేనే చెరిపేశానని అర్థమైంది. నిజం చెప్పడానికి నోరు రాక, కనుక్కుని చెప్తానన్నాను. కనుక్కోవడానికి ఏమీ లేదని తెలిసి కూడా అన్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన పాపం ఏదైనా ఉంటే అది ఆ మాటే.

గంట తర్వాత ఫోను చేసి, పోయింది భూమయ్యేనని, ఫోటోలు కలిపేసిన తప్పు నాదని చెప్పాను. “మంచిది సారూ” అని ఫోను పెట్టేసింది. ఆ గంటసేపు ఆమె, పోయినవాళ్లకు పెట్టే దీపం ఆర్పేసి కూర్చుందని తర్వాత ఆమె మరిది చెప్పాడు.

కంప్యూటరును సూరత్‌లో బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. చెరిపిన చోట చీరల ఫోటోలు వచ్చి పడ్డాయని, ఇక తియ్యలేమని అన్నారు. ఊళ్లో ఆధార్ జిరాక్స్‌నే పెద్దది చేయించి పటం కట్టించారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ఫోటోకూ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు రాశాను. ఫోటోలు దాచేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: పేరుతో దాచండి, చెరిపేముందూ పంపేముందూ తెరిచి చూడండి. ఈ రెండూ చెయ్యనందువల్ల, భర్త పోయాడని లచ్చవ్వకు రెండోసారి నేను చెప్పాల్సి వచ్చింది.