బావి పక్కన పుర్రె బొమ్మ

మా అన్న పట్నంలో ఒక చిన్న రాతి అచ్చు ప్రెస్సులో పనిచేసేవాడు. పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో రాసి, దాన్ని నున్నటి రాయి మీద బోర్లించి ఒత్తితే రాత రాయికి దిగుతుంది. ఆ రాయి మీద నుంచి కావలసినన్ని కాగితాలు తీస్తారు. ఉర్దూ రాసేవాళ్లు అక్కడ చాలామంది ఉండేవారు. తెలుగు రాయడానికీ, బొమ్మలు గీయడానికీ మాత్రం అన్న ఒక్కడే.

నిజాం సర్కారు రోజులవి. పట్నంలో కాపురం పెట్టే స్తోమత లేక వదినను ఇబ్రహీంపట్నంలోనే మా బాపు దగ్గర ఉంచాడు. నన్ను ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి పొద్దంతా నేనూ అక్కడే ఉండేదాన్ని. అమ్మ పోయాక ఆ ఇంటిని నిలబెట్టింది వదినే. ఆమెకు చదువు రాదు. నాకు అన్న నేర్పిన తెలుగు అక్షరాలు వచ్చు.

ఒక ఎండాకాలం మహేశ్వరం వైపు గత్తర మొదలైందని కబురు వచ్చింది. వాంతులు, విరేచనాలు. పొద్దున తిరుగాడిన మనిషి పొద్దుగూకే సరికి ఉండడు. బావుల్లో మందు కలిపిస్తామని సర్కారు చెప్పింది. ఆ మందు పడితే నీళ్లు కాసేపు వంకాయ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు చూసి, సర్కారు విషం పోస్తోందని ఊళ్లలో పుకారు పుట్టింది. జనానికి నచ్చజెప్పడానికి బొమ్మలతో ఒక నోటీసు వేయించాలనుకున్నారు. ఆ పని అన్న చేతికి వచ్చింది.

అన్న తను గీసిన మొదటి కాగితం పట్టుకుని ఇంటికి వచ్చాడు. అరుగు మీద పరిచి వదినను పిలిచాడు.

"ఏం కనబడుతుందో చెప్పు. నేనేం చెప్ప."

వదిన కొంగు బిగించుకుని వంగి చూసింది. ఎడమ వైపు ఒక బావి ఉంది. ఒకావిడ దాని గట్టు మీద రోగి బట్టలు ఉతుకుతోంది. ఆమె కింద పుర్రె. కుడి వైపు ఇంకో బావి. ఒక మనిషి పొట్లం విప్పి అందులో మందు పోస్తున్నాడు. అతని కింద బిందె ఎత్తుకున్న తల్లి, పక్కన నవ్వుతున్న పిల్ల. రెండు బావులకూ నడుమ జానెడు ఖాళీ. అడుగున ఉర్దూలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస, వేలంత లావు అక్షరాలు.

"ఈమె బాయికాడ ఖరాబు బట్టలు ఉతుకుతుంది, సావొచ్చింది," అంది వదిన. "గాయిన మందు ఏస్తుండు, తల్లీ పిల్లా సల్లగున్నరు."

"మల్ల నడుమ గింత జాగ ఎందుకు ఇడిసిన?"

వదిన ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టి చూసింది. "రెండు కలవకుండ. గీ సావు గా బాయిది గాదని."

అన్న ముఖం అంత వెలగడం నేను అదివరకు చూడలేదు. "ఇన్నవా చెల్లె? ఖాళీ జాగ గూడ మాట్లాడుతది," అన్నాడు నాతో. "ఎడ్లు తోలుకపోయేటోడు నిలబడి సదువుతడా? పోయేటోడు పోతనే ఉంటడు. గా జరసేపట్ల వానికి ఎరుక గావాలె."

మర్నాడు ఆ కాగితం చుట్ట చుట్టుకుని పట్నం పోయాడు.

కొన్నాళ్లకు అచ్చు నోటీసులు వచ్చాయి. ఒక జవాను చావడి గోడకు ఒకటి అంటించాడు. మొగుడి చేతి పని చూడాలని వదిన వాడలోని ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని పోయింది. నేనూ పోయాను.

అది మేము చూసిన కాగితం కాదు. పై సగమంతా సర్కారు ముద్ర, దాని కింద అధికారి పేరు, ఆయన బిరుదులు, కొట్టొచ్చినట్టు నల్లటి అక్షరాలు. బొమ్మలన్నీ కింద ఇరుక్కుపోయాయి. రెండు బావులూ జరిగి జరిగి ఒకే బావి అయ్యాయి. ఒక పక్క ఉతికే ఆమె, ఒక పక్క మందు పోసే మనిషి. పుర్రె సరిగ్గా ఆ మనిషి కాళ్ల కింద ఉంది. తల్లీ పిల్లా ఎక్కడో మూలన గోరంత అయి, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా ఉన్నారు. తెలుగు అక్షరాలు చీమల బారులా అడుగున పాకుతున్నాయి.

ఆడవాళ్లలో ఒకామె వేలు పెట్టి చూపించింది. "గాడు బాయిల ఏదో పోస్తుండు. కింద సావు. గంతేగా?"

నేను గోడకు ముఖం ఆనించి ఆ చీమల బారును కూడబలుక్కుని చదివాను. బావులలో మందు వేయించుకొనవలెనని ఉంది. అదే గట్టిగా చెప్పాను. వదిన నన్ను పక్కకు లాగింది.

"మొదల మీ అన్న ఎట్ల గీసిండో నువ్వు చూసినవ్, నేను చూసిన. ఇప్పుడు పుర్రెను తెచ్చి గాయిన కింద పెట్టిండు. పట్నంల ఏదో తెలిసే మార్చిండు పిల్లా. నోటితోని చెప్తె నౌకరి పోతది. గందుకే బొమ్మల చెప్పిండు."

"కింద రాసింది గట్ల లేదు వదినె."

"రాత సర్కారుది. బొమ్మ మీ అన్నది. నేనెవల్ని నమ్మాలె?"

నిజం చెప్పాలంటే, ఆమె మాట నాకూ సబబుగానే తోచింది. అన్న ఊరికే ఏదీ మార్చడు.

తరువాత దవాఖాన కంపౌండర్ మందు పొట్లాలతో మా వాడకు వచ్చాడు. ఆయన మా ఊరి తురకల ఇంటి మనిషే, మా బాపుతో కలిసి చెరువులో ఈదినవాడు. వదిన ముందు నిలబడగా ఆడవాళ్లు బావి చుట్టూ చేరారు.

"అమ్మా, గిది జహర్ గాదు, దవా. ముందుగాల నేనే తాగుత, సూడుండ్రి," అని ఆయన లోటాలో కలుపుకుని మా కళ్లముందే తాగాడు.

"నువ్వు మంచోనివే సాబ్, నిన్నేమంటలేం," అంది వదిన. "మా బాయిల మాత్రం పొయ్యకు."

ఆయన చాలాసేపు బతిమాలాడు. చివరికి పొట్లాలు సంచీలో పెట్టుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు.

వారం తిరగలేదు, మా వాడలో గత్తర దిగింది. మొదట కుమ్మరి ఇంట్లో, తరువాత మా ఇంట్లో. బాపు పోయాడు. ఆయనకు సేవ చేసిన వదిన అదే గదిలో మంచం పట్టింది. అన్నకు కబురు పంపాం. కంపౌండర్ వచ్చి ఉప్పు నీళ్లు తాగించాడు, చేతులు కాళ్లు రుద్దించాడు. ఏదీ నిలవలేదు. వదిన కళ్లు లోపలికి పోయాయి, గొంతు పీలగా అయింది. నేను నోటికి చెవి ఆనిస్తే గానీ మాట వినబడలేదు.

"మీ అన్నొచ్చినంక అడుగు," అంది. "గా పుర్రె గాడ ఎందుకు పెట్టిండో."

ఆ రాత్రి దాటలేదు.

అన్న తుర్కయాంజాల్ దాకా ఎవరిదో బండి పట్టుకుని, అక్కణ్నుంచి నడిచి వచ్చాడు. అప్పటికే అంతా అయిపోయింది. గత్తర శవాన్ని ఎవరూ ఉంచనివ్వరు. వదిన మాట అతనితో అనడానికి నాకు నోరు రాలేదు. బావి దగ్గర జరిగింది మాత్రం చెప్పాను. అతను గోడకు చేరగిలబడి తనే చెప్పుకొచ్చాడు.

"నోటీసు ఏయించిన సాబ్‌కు కాగితం నిండుగ కనబడాలె. ఖాళీ జాగ చూసి దండగ అన్నడు. బిరుదులన్ని రావాలె అన్నడు. బొమ్మలు జరుపుకుంట జరుపుకుంట పోయిన. పుర్రెకు గాడ తప్ప జాగ లేకుండె."

"ఇట్ల గీస్తె తప్పు సదువుతరని చెప్పలేదా అన్నా?"

"చెప్పిన. ఊరోళ్లు బొమ్మ చూడరు, హుకుం చూస్తరు అన్నడు. ఎక్కువ మాట్లాడితే నౌకరి పోతదని ఊకున్న. ఎవరు చూస్తరులే అనుకున్న చెల్లె. మీ వదినె చూస్తదనుకోలె," అన్నాడు.

లేచి తిన్నగా చావడికి పోయాడు. నేను వెనకే పరుగెత్తాను. గోళ్లతో ఆ నోటీసును గీకడం మొదలుపెట్టాడు. అంబలితో అంటించిన కాగితం, ఎండకు గోడలో కలిసిపోయింది. పేలికలుగా వస్తోంది తప్ప ఊడిరావడం లేదు. గోళ్ల నుంచి నెత్తురు కారింది. సర్కారు నోటీసు చింపుతున్నాడని జవాను అతని మెడ పట్టి పోలీసు నాకాకు ఈడ్చుకుపోయాడు. భార్య దినాలు జరపాల్సినవాడు దెబ్బలు తింటూ అక్కడ కూర్చున్నాడు. కంపౌండర్ పోయి, వీడు ఇల్లాలిని పోగొట్టుకున్న మనిషని చేతులు జోడిస్తే వదిలారు.

అన్న మళ్లీ ప్రెస్సుకు పోలేదు. బాపు మడి చేసుకుంటానన్నాడు గానీ సేద్యం అతని వల్ల కాలేదు, భూమి సగం పడావు పడింది. తరువాత జనం నిజాం సర్కారు మీద తిరగబడ్డ గడబిడ రోజుల్లో సంఘం పిలగాండ్లు వచ్చి, గోడలకు అంటించే బొమ్మలు గీసిపెట్టమని అడిగారు. ఇక బొమ్మ గీయనని వాళ్లు తెచ్చిన కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. పిరికివాడని వాళ్లు అతని ముందే నవ్వుకుంటూ పోయారు.

గత్తర పోయిన మరుసటి ఎండాకాలం కంపౌండర్ మళ్లీ పొట్లాలతో వచ్చాడు. ఈసారి ఎవరూ అడ్డం పోలేదు, ఎవరూ మాట్లాడలేదు. అడ్డం పోయినవాళ్లలో చాలామంది లేరు. ఆయన మందు పోసి, ఒక చేద నీళ్లు తోడి రంగు చూశాడు. నేను బిందె తీసుకుని ఇంటికి వచ్చేసరికి అన్న వాకిలి మూసుకుని ఉన్నాడు. ఆ నీళ్లు అతను ముట్టలేదు, బతికినన్నాళ్లూ పొలం దగ్గర మోట బావికి పోయి తాగి వచ్చేవాడు. మందు మంచిదని అతనికి తెలుసు, కానీ అతని బొమ్మను నమ్మి వదిన వద్దన్న మందు అది. నేనూ ఆ నీళ్లే తాగమని ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను, తరువాత చెప్పడం మానేశాను.