రంగేసిన బోల్టు

చంద్రధన్ రాయ్ జీపు దీపాలు కొండ కింద మానేభంజ్యాంగ్ జీపుల స్టాండులో ఉన్నంతసేపూ కొత్తల్లుడిలా బుద్ధిగా వెలుగుతాయి. రాళ్ల దారిలో పైకెక్కుతూ నాలుగు కుదుపులు తింటే చాలు, ఆరిపోతాయి. ఆ కొండమీద పట్టపగలే పొగమంచు కమ్ముకుంటుంది. పోయినవారం ఎదురుగా దిగివస్తున్న ధనరాజ్ బండి జానెడు దూరంలో ఆగింది. లోపల కూర్చున్నవాళ్ల అరుపులు చంద్రధన్ చెవుల్లోంచి ఇంకా పోలేదు. స్టాండు పెద్ద ఫుర్బా షెర్పా ఒకటే మాట చెప్పాడు. గురువారం ప్రయాణికులను ఎక్కించుకునే వంతు వచ్చేలోగా దీపాలు బాగుపడకపోతే జాబితాలో పేరు కొట్టేస్తాడట. వంతు లేని జీపు ఆ ఊళ్లో కోళ్లగూడు కిందే లెక్క.

చంద్రధన్ బల్బులు మార్చాడు, ఫ్యూజు మార్చాడు, స్విచ్చు విప్పి లోపలంతా గీకాడు. తీగ తీగా తడిమి చూశాడు. అన్నీ అయ్యాక స్విచ్చు వేస్తే దీపాలు భేషుగ్గా వెలిగేవి. కొండెక్కితే మళ్లీ అదే వరస. చచ్చిన బండినైనా బాగుచెయ్యొచ్చుగానీ, బతికున్నట్టు నటించే బండితో ఏం చేస్తాడు? దారిన పోయే ప్రతివాడూ ఒక సలహా పారేసి పోయేవాడు. తాత నాటి జీపును అతను జీవితంలో మొదటిసారి నోటికొచ్చినట్టు తిట్టాడు.

బుధవారం మధ్యాహ్నం భార్య దిల్‌మాయ తెచ్చిన థుక్పా సూపు మూడోసారి చల్లారిపోయింది. విసుగెత్తి ఆమె బంపరును ఒక్క తన్ను తన్నింది. దీపాలు ఆరాయి. మళ్లీ తన్నింది. వెలిగాయి.

చంద్రధన్ నోరు తెరిచి చూశాడు. ఒక పొడుగు తీగ తీసుకుని, కరెంటు తిరిగి వెళ్లేలా దీపం నుంచి తిన్నగా బ్యాటరీ నెగటివ్‌కు కలిపి, మళ్లీ తన్నమన్నాడు. ఆమె కసితీరా తన్నింది. ఈసారి దీపం చెక్కుచెదరలేదు. అంటే దీపంలో లోపం లేదు. కరెంటు తిరిగి వెళ్లే దారిలో, దీపం తీగను బండి ఇనుముకు బిగించే ఎర్తు బోల్టు దగ్గర ఉండాలి.

"అక్కడెందుకుంటుందే? విశ్వకర్మ పూజకి ఆ బోల్టు విప్పి, తుప్పు పట్టకుండా కింద కూడా నేనే రంగు..."

మాట అక్కడే ఆగిపోయింది.

బోల్టు విప్పితే కింద ఇనుము కనపడలేదు. దట్టంగా, నున్నగా ఆకుపచ్చ రంగు. అందులోంచి కరెంటు ఎలా పోతుంది? బోల్టు మరల దగ్గర ఎక్కడో తగిలీ తగలక ఇన్నాళ్లూ వెలిగాయి, కుదుపుకు అదీ తెగేది. ఏటా పూజకు బండికి రంగు వేయడం అక్కడ అందరూ చేసేదే. బోల్టు కింద కూడా వేయడం మాత్రం ఈ ఏడు అతనికే తోచిన గొప్ప తెలివి. మెరిసేదాకా గీకి బిగించాడు. ఆ తర్వాత దిల్‌మాయ ఎంత తన్నినా దీపాలు ఆరలేదు. ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. స్టాండులో అతని కుంచెకు పెద్ద పేరు. ఈసారి పూజకు బతిమాలించుకుని మరీ ఇంకో ఏడు జీపులకు అలాగే రంగు వేసిపెట్టాడు.

గురువారం పొద్దున ఫుర్బా మొదట పిలిచింది చంద్రధన్ పేరే. అతను బండి తీయలేదు. అందరి ముందూ నిలబడి తన నిర్వాకమంతా చెప్పేశాడు.

"ఫుర్బా దాజూ, నాది బాగైంది. ఆ ఏడు బండ్లనీ మాత్రం పైకి పంపకండి. గీకి ఇస్తాను."

"మరి నీ వంతు?"

"వేరేవాళ్లకిచ్చెయ్యండి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో ఇకమీదట ఇతన్ని గోడలకు సున్నం వేసుకోమన్నారు. చంద్రధన్ ధనరాజ్ బండి ముందు కూర్చుని బోల్టు విప్పాడు. కింద అదే ఆకుపచ్చ. గీకుతుంటే ధనరాజ్ వచ్చి పక్కనే కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఆవేళ మంచులో నా దీపాలూ ఆరిపోయున్నాయన్నా. వంతు పోతుందని నోరు మూసుకున్నా."

చంద్రధన్ చేతిలోని గీకుడు చాకు కింద పడింది. ఆవేళ రెండు బండ్లలో కలిపి పద్దెనిమిది మంది. దాన్ని తీసుకుని మళ్లీ గీకడం మొదలుపెట్టాడు, ఇనుము తేలాక కూడా చాలాసేపు గీకుతూనే ఉన్నాడు.