అతుకు మీద ఊరు

ఏలూరులో మా అపార్టుమెంటు పక్కన కొత్త ఇల్లు లేస్తోంది. పొద్దున్నే గోడలకు నీళ్లు కొడుతుంటే తడిసిన సిమెంటు వాసన వంటింట్లోకి వస్తుంది. ఎవరికైనా అది కొత్త కాపురం వాసన కావచ్చు. నాకు మాత్రం పళ్లు బిగుసుకుంటాయి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, మండవల్లికి లోపలగా కొల్లేటి అంచున ఉన్న ఒక ఊళ్లో, అమ్మమ్మ దగ్గర పెరిగాను. వానాకాలమంతా గుర్రపుడెక్క కుళ్లిన వాసన, చింతకాయ వేసి కాచిన కొర్రమీను పులుసు మర్నాటికి చిక్కబడి ఇంకా రుచెక్కడం, గూడకొంగలు గుంపుగా దిగుతుంటే తొక్కుడుబిళ్ల ఆట మధ్యలో వదిలేసి గట్టు మీదికి పరుగెత్తడం, క్రిస్మస్‌కి ముందు వారం రోజులూ వీధి వీధంతా అరిసెల పాకం ఘుమఘుమలు, ఇదీ నా లోకం. అమ్మమ్మ మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఊరంతా ఆవిడని టీచరమ్మగారనేవారు.

ఆవిడకొక అలవాటుండేది. భూమి కదిలినప్పుడల్లా చెక్క బీరువా తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాసుకునేది. 'పెద్దాడు పుట్టిన ఏడు, నాట్లప్పుడు, గిన్నెలు మోగాయి.' 'ఆదివారం ఆరాధనలో, చర్చి మూల చీలింది.' తన తల్లి చెప్పినవి కూడా పైన చిన్న అక్షరాల్లో ఉండేవి. కదిలిన ప్రతిసారీ గోడలు చీలింది ఒక్క వరసలోనే: చర్చి మూల నుంచి చెరువు గట్టు మీదుగా బడి వెనక ఖాళీ స్థలం దాకా. ఒక ఎండాకాలం జీపులో వచ్చిన భూగర్భశాస్త్రం ఆయన ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడి, ఈ పల్లం కింద చాలా లోతున రాయి ఎప్పుడో విరిగి ఒక పక్కకి కుంగిందనీ, పైన ఒండ్రు కప్పేసినా అది అప్పుడప్పుడూ సర్దుకుంటుందనీ చెప్పాడు. అమ్మమ్మ దానికి 'అతుకు' అని పేరు పెట్టింది.

ఆ అతుకు మీదే, బడి వెనక, కొత్త గదులు కట్టడం మొదలుపెట్టాడు మా ఊరి కాంట్రాక్టరు. మోకాలి లోతు పునాది. అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

"ఏవండీ, ఇక్కడ గోడ నిలవదండీ. ఎన్నిసార్లు చీలిందో నా దగ్గర రాసుంది. కాస్త అవతలికి జరపండి, లేదంటే పునాదన్నా లోతుగా తీయించండి."

అతను కూలీల వైపు తిరిగి నవ్వాడు. "టీచరమ్మగారికి తల తిరిగితే భూమి తిరిగిందనుకుంటున్నారు! బీపీ మాత్ర వేసుకుని పడుకోండమ్మా."

అందరూ నవ్వారు. మర్నాటి నుంచి పిల్లలకి ఆవిడ 'భూకంపం మామ్మ' అయిపోయింది. కాంట్రాక్టరు కూతురు సునీత, రోజూ నాతో ఆడుకునే పిల్ల, ఆ పేరుతో పాట కూడా కట్టింది. అమ్మమ్మ పట్టించుకోలేదు. నేను మాత్రం ప్రతి ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని, ప్రభువా, ఒక్కసారి గట్టిగా కదిలించు, అతని ముఖం నేను చూడాలి, అని వేడుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్నే గిన్నెలు మోగాయి. చెరువులో నీళ్లు పళ్లెంలో నీళ్లలా ఇటూ అటూ ఊగి గట్టెక్కాయి. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. కాంట్రాక్టరు సగం గడ్డానికి సబ్బు నురగతో వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు. నేను పగలబడి నవ్వాను. అప్పుడే కట్టడం పూర్తయిన కొత్త గది గోడ చెయ్యి దూరేంత చీలింది. బడి ఉన్న రోజైతే దాని కింద కూర్చునేది మా తరగతే.

గోడ ఎందుకు చీలిందో చూడ్డానికి ఇంజనీరు వస్తున్నాడని తెలిసి, ముందు రోజు సాయంత్రం కాంట్రాక్టరు భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు.

"మీరు ముందే చెప్పారని మాత్రం అనకండమ్మా. ఆడపిల్ల గలవాణ్ని."

అమ్మమ్మ పమిట చెంగు మడతపెట్టింది. "నా అంతట నేను చెప్పనండీ. ఆ గోడ మాత్రం పడగొట్టి సరిగ్గా కట్టండి."

ఆవిడ క్షమించింది. నేను క్షమించలేదు. మర్నాడు ఆవిడ చర్చిలో ఆడవాళ్ల కూటానికి వెళ్లగానే, ఇంజనీరు ఒంటరిగా గోడ కొలుచుకుంటున్న చోటికి వెళ్లాను.

"ముందు ఎవరూ చెప్పలేదని కాంట్రాక్టరు అన్నది అబద్ధమండీ. మా అమ్మమ్మ చెప్పింది. మా బీరువా తలుపు మీద అంతా ఉంది, రండి."

ఆయన ప్రతి ముక్కా తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. ఇంటికొచ్చిన అమ్మమ్మ తెరిచి ఉన్న తలుపునీ నన్నూ చూసింది. ఆ పూట పులుసు వేడి చేయలేదు, అంతే.

పని అతని చేతిలోంచి పోయింది. పరువూ పోయింది. ఏడాది తిరక్కుండా ఊరు వదిలారు. సామాన్ల లారీలో బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సునీత నా వైపు చూసింది. నేను చెయ్యి ఊపలేదు. నాకు కడుపు నిండినట్టయింది.

అమ్మమ్మ పోయాక ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు చేపల చెరువు తవ్వారు. బీరువా ఏ పొయ్యిలోకి పోయిందో తెలియదు. ఇప్పుడు భూమి కాస్త కదిలితే ఫోను ఒక అంకె చూపిస్తుంది. ఎవరి గోడ చీలిందో చెప్పేవాళ్లు లేరు.

పోయిన నెల తాడేపల్లిగూడెం స్టేషన్లో సునీత కనబడింది. నన్ను గుర్తుపట్టి, "మీ అమ్మమ్మగారు మాటిచ్చి తప్పారు. మా నాన్న పోయేదాకా అదే తలుచుకునేవారు," అంది.

"ఆవిడ కాదు. ఇంజనీరుకి ఆ తలుపు చూపించింది నేను," అన్నాను. ఆ మాట అనడం నాకు ఇష్టంగానే అనిపించింది.

సునీత తెల్లబోయింది. "మరి ఊరు వదిలేముందు నాన్న మీ వాకిట్లో నిలబడి ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టారే. నువ్వు బడికెళ్లావేమో. ఆవిడ చేతులు జోడించి, తప్పు నాదేనండీ, అన్నారు."

బండొచ్చింది. ఆమె ఎక్కేసింది. ఇన్నేళ్లూ గెలిచాననుకున్నదాన్ని, నా పేరు చెప్పకుండా ఆవిడ ఆ నింద మోసిందని తెలిసి ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయాను. ఆవిడని అన్ని మాటలన్న ఆ మనిషిని ఇప్పుడే నిలదీయాలనిపించింది. అతను లేడు. ఆ వాకిలి చేపల చెరువు అడుగున ఉంది. నా కోపం మాత్రం నాతోనే ఇల్లు చేరింది.