నవ్వుకిచ్చిన టిప్పు

ఇప్పుడంటే అందరూ ఫోను చూపించి డబ్బులు కట్టేసి వెళ్లిపోతున్నారు గానీ, ఆ రోజుల్లో బిల్లు పెట్టిచ్చే ప్లేటులో సోంపు గింజల మధ్య మాకోసం ఒక నోటు మిగిలేది. (ఆ రోజులంటే మరీ పాతవేం కాదు, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలో.) పెనుకొండ హైవే మీద ఒక టిఫిన్ హోటల్లో నేను సప్లయర్ని. నా నవ్వు మీద నాకు మహా నమ్మకం. పొద్దున్నే అద్దం ముందు నిలబడి బెంగళూరు కార్లకు ఒక రకం, ఫ్యాక్టరీ వాళ్లకు ఇంకో రకం నవ్వు ప్రాక్టీసు చేసేవాణ్ణి. దానికో కారణం ఉంది. ధర్మవరంలో మా మామ కూతురితో నాకు పెళ్లి ఖాయమైంది. వాళ్లది మగ్గం ఇల్లు, షాపు వాళ్లిచ్చిన పట్టుతో కూలికి నేస్తారు. అన్ని పట్టుచీరలు చేతులారా నేసిన పిల్లకు సొంతానికి ఒక్కటీ లేదు. పెళ్లిలోపు టిప్పులు కూడబెట్టి ఒకటి కొనివ్వాలని, ఎవరికీ చెప్పకుండా పంతం పట్టాను.

మా దోశ మాస్టరుది హిందూపురం. మాట తక్కువ, మీసం ఎక్కువ. ఒకరోజు పొయ్యి దగ్గరనుంచి కదలకుండానే, టిప్పుల్లో వంటింటికి కూడా భాగం ఇవ్వాలన్నాడు. జీతం నీకు నాకంటే ఎక్కువే కదా అన్నాను. నాకు సరే, గిన్నెలు కడిగే అక్కకో అన్నాడు. నాకు ఒళ్లు మండింది. “ఇచ్చేటోళ్లు మొగం సూసి ఇస్తారు మాస్టరూ. మీ మొగాలు ఆళ్లు సూసినారా?” అన్నాను. మాస్టరు పెనం వైపు తిరిగి దోశ తిప్పాడు. వాదనలో గెలిచానన్న సంబరంలో ఆ పూట రెండు వడలు ఎక్కువ తిన్నాను (అవి వేసిందీ ఆయనే).

ఆ వారంలోనే గాలివాన వచ్చి వంటింటి రేకులు లేచిపోయాయి. బాగుచేసేదాకా దోశ పెనాన్ని ఓనరు హోటలు ముందు పందిరి కింద పెట్టించాడు. మర్నాడు మాస్టరు మీసం దువ్వి, తలకు ఎర్ర తువ్వాలు చుట్టి వచ్చాడు. పెనం మీద నీళ్లు చల్లితే చుయ్యిమని ఆవిరి లేస్తుంటే, కార్లు దిగినవాళ్లు లోపలికి రావడమే మానేశారు. ఆయన చుట్టూ నిలబడి వీడియోలు తీసుకోవడం, తిన్నాక ఆయన జేబులోనే నోటు పెట్టి పోవడం. నేను రెండు రకాల నవ్వులూ కలిపి నవ్వినా చూసే నాథుడు లేడు. చివరికి ఒకాయన నన్ను పిలిచి నోటు చేతిలో పెట్టేసరికి ప్రాణం లేచొచ్చింది. “మాస్టరుకు ఇచ్చేయప్పా, ఆయనకు చేతులు ఖాళీ లేవు” అన్నాడు.

ఆ సాయంత్రం ఫోన్లో మామ కూతురి దగ్గర గోడు వెళ్లబోసుకున్నాను (చీర సంగతి మాత్రం దాచి). ఓదారుస్తుందనుకున్నాను. ఆమె మగ్గం ఆపి అంతా విని, “బావా, చీర నేసేది మేము. షాపుకొచ్చినోళ్లు మెచ్చుకునేది విప్పి సూపిచ్చే ఆయన్ని. మీ మాస్టరూ ఇన్నాళ్లూ మా మాదిరే కదా” అంది.

మర్నాడు ఖాళీ నూనె డబ్బా ఒకటి శుభ్రంగా కడిగి మాస్టరు ముందు పెట్టాను. అందరి టిప్పులూ ఇందులో వేసి అందరం సమానంగా పంచుకుందామన్నాను. ఆయన తల ఎత్తలేదు. “ఆళ్లు నా మొగం సూసి ఇస్తాండారు కదప్పా” అన్నాడు. నా మాటే నాకు వడ్డించేసరికి సిగ్గుతో తల వంచుకుని నిలబడ్డాను. ఒక దోశ కాలేదాకా నన్నలాగే ఉంచి (అంత నిదానంగా కాలిన దోశను నేను మళ్లీ చూడలేదు), ఆ తర్వాత జేబులోవన్నీ తీసి డబ్బాలో వేశాడు. ముందు అక్కకియ్యి అన్నాడు. రేకులు బాగయ్యాక కూడా పెనం లోపలికి పోలేదు, డబ్బా దాని పక్కనే ఉండిపోయింది.

పెళ్లికి ముందు నా వాటా డబ్బులతో ధర్మవరంలో ఒక షాపుకు వెళ్లాను. షాపాయన నాకంటే గొప్పగా నవ్వాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు, ఇంట్లో అందరి క్షేమమూ అడిగాడు. ఇక బేరమాడటానికి మొహమాటమేసి చెప్పినంతా ఇచ్చేశాను. చీర చేతిలో పెడితే మామ కూతురి కళ్లు మెరిశాయి. తర్వాత అలవాటు కొద్దీ అంచు తిరగేసి చూసి, పోగు తెగితే తను ముడేసిన చోటు గుర్తుపట్టింది. ఆ చీర ఆమె నేసిందే. ఎంతైందని కూడా అడగలేదు. “షాపాయన బాగా నవ్వినాడా బావా?” అంది.

ఇప్పటికీ ఆ చీర కట్టుకున్నప్పుడల్లా అదే మాట అడుగుతుంది. అద్దం ముందు నవ్వు ప్రాక్టీసు చేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నేనూ నవ్వుతాను, టిప్పు ఆశ లేకుండా.