పట్టుచీర అంచున బాతులు

డిపెండెంట్ వీసా మీద అమెరికాలో డల్లాస్ పక్కనున్న కాపెల్ వచ్చి పడిన ఆ రోజుల్లో నాకు రెండే విద్యలు వచ్చు: కుట్టుపని, అలగడం. మొదటిదానికి మెషీన్ లేదు కనుక రెండోదానితోనే కాలక్షేపం చేసేదాన్ని. ఉద్యోగం చేయడానికి వీల్లేదు, కారు నడపడం రాదు. అపార్ట్‌మెంట్‌లో సోఫా దగ్గర్నుంచి గరిటె దాకా అన్నీ నేను రాకముందే మావారు కొన్నవి. ఇది నాది అని చెప్పుకోవడానికి తెచ్చుకున్న సూట్‌కేసులు తప్ప మరేమీ లేవు. నాకంటూ ఒక కుట్టు మెషీన్ కావాలని అందుకే అంత పట్టుపట్టాను. మావారు కాదనలేదు. కాదనేసినా బాగుండేది, ఒకసారి ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టర్. (రైస్ కుక్కర్ కొన్నప్పుడు అందులో వారం రోజులు ఒట్టి నీళ్లు కాచిన మనిషి.) "టెస్ట్ చెయ్యకుండా ఏదీ కొనకూడదు" అన్నారు. ఆ మాట మీదే చాలాకాలం గడిచిపోయింది.

చివరికి డల్లాస్‌లో క్విల్ట్ షో జరుగుతోందని, అక్కడ రకరకాల మెషీన్ల మీద ఎవరైనా కూర్చుని కుట్టి చూడవచ్చని ఆయనే కనిపెట్టుకొచ్చారు. "డెమో గుడ్డ మీద ఏ మెషీనైనా బాగానే కుడుతుంది. మనం రియల్ డేటా తీసుకెళ్దాం" అని, ఫాల్ వేయాల్సిన నా చీరలన్నీ ఒక పెద్ద సంచిలో సర్దించారు. అన్నిటికంటే పైన అత్తగారు కొత్తగా పంపిన పట్టుచీర. మా పెళ్లిరోజున అది కట్టుకుని వీడియో కాల్‌లో ఆవిడకి చూపించాలని ఆజ్ఞ.

హాలు నిండా బొంతలే. మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతల్లాంటివే, కాకపోతే వీటిని గోడకి వేలాడదీసి ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు. మేము ఒక్కొక్క స్టాల్ దగ్గరా ఆగి, ఒక్కొక్క మెషీన్ మీద ఒక్కొక్క చీరకి ఫాల్ కుట్టుకుంటూ పోయాం. మిగతావాళ్లు జేబురుమాలంత గుడ్డ కుట్టి లేచిపోతుంటే నా చీర బల్ల దిగి నేల మీద పరుచుకునేది. దాని చివర పట్టుకుని మావారు పక్క స్టాల్ దాకా వెళ్లి నిలబడేవారు. అడ్డొచ్చిన వాళ్లందరికీ "ఎక్స్‌క్యూజ్ మీ, టెస్టింగ్" అని చెప్పేవారు.

మధ్యాహ్నానికి పట్టుచీర ఒక్కటీ మిగిలింది. అప్పుడాయన సంచిలోకి తొంగిచూసి, ఎంతో తృప్తిగా, "ఇదొక్కటీ అయితే అన్నిటికీ ఫాల్స్ అయిపోయినట్టేగా. ఇంక మెషీన్ ఎందుకు?" అన్నారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఫాల్స్ కోసమా నేనడిగింది? ఆ ఇంట్లో నాదంటూ ఒక్క వస్తువన్నా ఉందా అండీ?" అన్నాను, అంతమందిలో, తెలుగులో. ఆయన బిక్కమొహం వేశారు. ఎదురుగా ఉన్న స్టాల్‌లోని తెల్లజుట్టు ఆవిడకి భాష రాకపోయినా విషయం అర్థమైనట్టుంది, "రా హనీ, ఇలా కూర్చో" అని అక్కడున్న వాటిల్లోకెల్లా పెద్ద మెషీన్ ముందు కూర్చోబెట్టింది. దానికి టీవీలాంటి తెర కూడా ఉంది. పట్టుచీర తీసి, జరీకి కలిసే పసుపు దారం ఎక్కించి, కోపమంతా పెడల్ మీద చూపిస్తూ కుట్టడం మొదలుపెట్టాను. మధ్యలో శబ్దం మారింది. ఖరీదైన మెషీన్లు ఇలాగే మోగుతాయి కాబోలనుకుని, చీర గురించి ఆవిడ అడిగేవాటికి జవాబులు చెబుతూ కుట్టుకుపోయాను. చుట్టూ చేరిన ఆడవాళ్లు "ఆఁ... ఎంత ముద్దుగా ఉందో!" అంటే తల దించి చూశాను. అత్తగారి పట్టుచీర అంచు పొడుగునా పసుపు బాతులు, ఒకదాని వెనక ఒకటి, బుద్ధిగా నడుస్తున్నాయి.

తెర మీద వేలు పెట్టి మావారు నిలబడి ఉన్నారు. (అన్ని ఫీచర్లూ టెస్ట్ చేస్తూ బాతుబొమ్మల కుట్టు నొక్కారట.) నేను ఆయన వైపు ఒక్క చూపు చూశాను. ఆయన తడబడుతూ ఆవిడని, "అన్‌డూ బటన్ ఎక్కడుంది?" అని అడిగారు. ఆవిడ సొరుగులోంచి కుట్లు విప్పే చిన్న పరికరం తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇదే అన్‌డూ, హనీ" అంది.

కాసేపటికి మావారు గొంతు తగ్గించి, "అమ్మకి చెప్పకు. మెషీన్ ఏదో నువ్వే సెలెక్ట్ చేసుకో. టెస్టింగ్ వద్దులే" అన్నారు. నేను హాలంతా మళ్లీ తిరిగి, తెర లేనిది, బొమ్మలు రానిది, ఆయన నొక్కడానికి ఒక్క బటన్ కూడా లేనిది ఏరి కొనుక్కున్నాను. దాన్ని ఆయన కారు దాకా మోస్తుంటే వెనకే ఖాళీ చేతులతో మహారాణిలా నడిచాను.

బాతుల్ని ఆయనే సోఫాలో కూర్చుని రోజూ కాసిని చొప్పున విప్పారు. పెళ్లిరోజు నాటికి ఒక్కటి మిగిలింది, కుచ్చిళ్ల వెనక్కి పోయే చోట. దాన్ని నేనే ఉంచేయమన్నాను. ఇన్నేళ్ల తర్వాత మొన్న మా అమ్మాయి ఆ చీర కట్టుకుంటూ, "మమ్మీ, ఇక్కడ డక్ ఎందుకు ఉంది?" అంది. వాళ్ల నాన్న చప్పుడు చేయకుండా గరాజ్‌లోకి వెళ్లిపోయారు. ఇప్పుడు ఇంట్లో నావి కానివి ఏమున్నాయో నేనే వెతుక్కోవాలి. అయినా ఆ బాతుని చూసినప్పుడల్లా, అంతమందిలో కళ్లనీళ్లు పెట్టుకున్న ఆ పిచ్చిపిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, "కుట్టుకో అమ్మా, అది నీదే" అనాలనిపిస్తుంది.